సియోల్ చుట్టి వచ్చిన పాట

మార్చి 4, 2023, శనివారం

పాప ఉరుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఫోను. "అమ్మా, జంగ్‌కూక్ మన పాటకు ఊగుతుండు చూడే!" బీటీఎస్ పిల్లగాడు లైవ్‌లో 'నాటు నాటు' పెట్టుకుని భుజాలు ఎగరేస్తున్నాడు. పోయిన నెలాఖరున ఢిల్లీలోని కొరియా ఎంబసీ వాళ్ళు కూడా ఇదే పాటకు స్టెప్పులేసి వీడియో పెట్టారు. సంతోషమే. కానీ ఏడాది కింద హన్మకొండలో ఈ పాట ఉన్న 'ఆర్ఆర్ఆర్' సినిమా చూసి వచ్చిన రాత్రి, ఇదే పిల్ల "పాట మరీ ఊర మాస్" అని మూతి విరిచింది. ఇయ్యాల సాయంత్రం నుంచి ఇంట్లో అదే పాట, ఆపితే ఒట్టు.

మా అమ్మ చాటలో బియ్యం ఏరుతూ అడిగింది. "ఎవరే ఆ పిల్లగాడు? మనోడేనా?"

"కాదమ్మమ్మా, కొరియా."

"మరి మన పాట ఆనికెట్ల దొరికె?"

తొమ్మిదో తరగతి పిల్ల జవాబు వెతకలేదు. నేను స్టవ్ తగ్గించి కాసేపు ఆలోచించాను. ఆనికెట్ల దొరికిందో యూట్యూబ్ చెప్తుంది. అక్కడినుంచి తిరిగొస్తే తప్ప మా ఇంట్ల పిల్లకు ఎందుకు దొరకలేదో ఎవరు చెప్తారు?

మార్చి 13, సోమవారం

స్కూలుకు పోయేసరికి స్టాఫ్ రూం పెళ్ళివారిల్లు లెక్క ఉంది. ఆస్కార్ వచ్చింది. మన దేశపు సినిమా పాటకు ఈ అవార్డు రావడం ఇదే మొదలు. లెక్కల సారు ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగలేక పిల్లలకు మైకులో చెప్పేశాడు. పిల్లలు అరిచిన అరుపుకు వేపచెట్టు మీది కాకులు లేచాయి.

పాట రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, మా పాత వరంగల్ జిల్లానే. ఆ పాట నిండా ఊరి సరుకే: జాతర, పోతరాజు, జొన్నరొట్టె, మిరప తొక్కు. తీసింది మాత్రం కీవ్‌లో, ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందర, యుద్ధం మొదలవడానికి కొన్ని నెలల ముందు. బాణీ కట్టిన కీరవాణిది కొవ్వూరు. ఆయన వేదికెక్కి, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, కృతజ్ఞతలు కూడా వాళ్ళ పాట బాణీలోనే పాడాడు. ఆ కార్పెంటర్స్ అమెరికాలోని అన్నాచెల్లెళ్ళ బృందం, డెబ్బైల్లో వాళ్ళ పేరు మోగిపోయింది. అంటే గోదావరి ఒడ్డు పిల్లవాడి చెవిలో కాలిఫోర్నియా పాట పడింది, అయినా వాడి చేతినుంచి పోతరాజు గంతే బయటికొచ్చింది.

పొద్దుటినుంచి టీవీల్లో ఒకటే మాట, "తెలుగువాడి సత్తా". సత్తా సరే. ఆ చెవి సంగతి కూడా ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడితే బాగుండేది.

మార్చి 14

డాలస్ నుంచి చెల్లె ఫోన్. వాళ్ళ ఆఫీసులో ఒకాయన వచ్చి "మీ హిందీ సినిమా అదిరింది" అన్నాడట. దానికి ఒళ్ళు మండింది. నాకు నవ్వొచ్చింది గానీ, తప్పు ఆయనది కాదు. సినిమా డిజిటల్ హక్కులు భాషల వారీగా అమ్ముతారు. 2022 మే 20న హిందీ ఆర్ఆర్ఆర్ నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది, తెలుగు జీ5కు పోయింది. బయటి దేశాల్లో ఎక్కువమంది చూసేది నెట్‌ఫ్లిక్స్. అమెరికావాళ్ళు ఇంట్లో కూర్చుని చూసిన భీముడు, రాముడు హిందీ మాట్లాడారు. జనవరిలో రాజమౌళి అక్కడి ప్రదర్శనలో, ఇది బాలీవుడ్ సినిమా కాదు, తెలుగు సినిమా అని ప్రత్యేకంగా చెప్పుకోవలసి వచ్చింది అందుకే.

జపాన్‌లో అట్లా కాలేదు. పోయిన అక్టోబర్ 21న అక్కడ థియేటర్లలో పడింది. మాట తెలుగే ఉంచారు, కింద జపాన్ అక్షరాలు వేశారు. అక్కడి అభిమానులు తెలుగు డైలాగులు బట్టీపట్టి చెప్తున్న వీడియోలు పాప చూపించింది. టోక్యో థియేటర్లలో తెలుగు వినపడింది, టెక్సాస్ ఇళ్ళలో వినపడలేదు. ఈ తేడా తెచ్చింది సంస్కృతి కాదు, ఒక ఒప్పందం కాగితం.

మార్చి 22, ఉగాది

శోభకృత్ వచ్చింది. పొద్దున్నే భక్ష్యాలు, కుండలో పచ్చడి. మా దిక్కు ఉగాది పచ్చడి తాగుతాం. కొత్త కుండలో నీళ్ళు, చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు వేసి, గ్లాసుల్లో పోసి ఇంటింటికీ పంచుతాం. టీవీలో వంటల ప్రోగ్రాం యాంకరమ్మ అరటిపండు ముక్కలేసి గట్టిగా కలిపి, చెంచాతో గిన్నెల్లో పెడుతోంది.

పాప గ్లాసు పట్టుకుని తెర దిక్కు చూసింది. "అమ్మా, మనం తప్పు చేస్తున్నమా?"

అమెరికా వచ్చి మన పండుగను మింగుతుందని భయపడే వాళ్ళకు ఈ ప్రశ్న వినిపించాలి. తెలుగు చానెల్, తెలుగు యాంకర్, తెలుగు పండుగ. అయినా నా పిల్లకు మా ఇంటి పచ్చడి తప్పులా కనిపించింది. పెద్ద తెర ఎక్కడిదైనా అంతే, ఒక్క తీరునే చూపిస్తుంది, మిగిలిన తీరులన్నీ పొరపాట్లయి కూర్చుంటాయి.

"వాళ్ళు తినేది వాళ్ళ దిక్కు పచ్చడి, మనం తాగేది మన దిక్కు పచ్చడి" అన్నాను. ఇంకో గ్లాసు పోసుకుంది.

ఏప్రిల్ 9, ఆదివారం

అమ్మగారి ఊరు, పరకాల దిక్కు. రాత్రి పంచాయతీ ఆఫీసు ముందర 'బలగం' సినిమా ఆడించారు.

తెర అంటే పాత ఫ్లెక్సీని తిప్పి కట్టిందే. వెనక ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు, లైటు పడ్డప్పుడల్లా అక్షరాలు తలకిందులుగా లీలగా కనిపిస్తున్నాయి. ప్రొజెక్టర్ పెళ్ళి వీడియోలు తీసే పిల్లగాడిది. సినిమా అమెజాన్ ప్రైమ్‌లోంచి వాడి ల్యాప్‌టాప్‌కు, అక్కడినుంచి తెరకు. డీజే బాక్సులు రెండు. కరెంటు కిరాణా కొట్టు నుంచి లాగారు. అమ్మలక్కలు ఎరువుల బస్తాలు, చాపలు తెచ్చుకుని ముందే కూర్చున్నారు. మగవాళ్ళు వెనక, అరుగుల మీద. పిల్లలు ట్రాక్టర్ ట్రాలీలో.

కొమురయ్య చచ్చిపోతాడు. పిట్ట ముద్ద ముట్టదు. కథంతా అదే. ఆ మూడోనాటి సీన్లో కాకికోసం అందరూ పైకి చూస్తుంటే, మా ఊరి జనం కూడా తెరమీది ఆకాశంలోకి చూశారు. "ఇంక రాదు రా, ఆ ముసలాయనకు మనసుల ఏదో ఉన్నది" అని మా పక్కింటి మల్లమ్మత్త గట్టిగానే అంది. ఎవరూ నవ్వలేదు. చివర పాటగాళ్ళు మొగిలయ్య, కొమురమ్మ అందుకున్నప్పుడు కొంగులు కళ్ళమీదికి పోయాయి. పాప కూడా ఏడ్చింది. కొరియా సీరియల్ చూసి ఏడ్చినప్పుడు తలుపు వేసుకుంటుంది. ఇక్కడ నలుగుర్లో ముక్కు చీదింది.

డైరెక్టర్ వేణుది సిరిసిల్ల. ఈ ఊరి మాటను, ఈ ఊరి చావును బయటివాడికి అర్థం కావడానికని ఎక్కడా నున్నగా చెయ్యలేదు. ఆస్కార్ వచ్చిన నెలలోనే, పది రోజుల ముందు, మార్చి 3న ఇది విడుదలైంది. ఒకటి లాస్ ఏంజిలిస్ దాకా పోయింది, ఒకటి పంచాయతీ ఆఫీసు దాకా వచ్చింది. నన్నడిగితే రెండోదే కష్టం.

ఇట్లా ఊర్లలో తెరలు కట్టి ఊరికే ఆడించొద్దని నిర్మాతల వైపు నుంచి పోలీసులకు ఫిర్యాదు పోయినట్టు పేపర్లో వచ్చింది. వాళ్ళ డబ్బు వాళ్ళది, కాదనలేం. కానీ ఒక్కడి ఫోనులో చూడమని ఇచ్చిన సినిమాను ఊరంతా కలిసి చూడాలనుకోవడం ఎంత ముచ్చటైన దొంగతనం!

విడిపోయిన అన్నదమ్ములు ఈ సినిమా చూసి కలిశారని కూడా పేపర్లు రాస్తున్నాయి. మా పెదనాన్న కొడుకులు అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చుని చూసి, కళ్ళు తుడుచుకుని, ఎవరింటికి వాళ్ళు పోయారు.

ఏప్రిల్ 11

'బలగం'లో పాడిన మొగిలయ్యకు కిడ్నీలు పాడయ్యాయట, డయాలసిస్ మీద ఉన్నాడట. ఊరు దుగ్గొండి, మాకు గంట దారి. భార్యాభర్తలిద్దరూ బుడగ జంగాలు. సావు ఇండ్లలో చచ్చినవాళ్ళ కథ కట్టి పాడడం వాళ్ళ బతుకు. సినిమా రాకముందు నుంచీ పాడుతున్నారు. సినిమా వచ్చాకే పేపర్లు ఆయన ఇల్లు ఎక్కడుందో అడిగాయి, సర్కారు వైద్యం చేయిస్తానంది.

పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య సంగతీ ఇంతే. 'భీమ్లా నాయక్' పాటలో కిన్నెర మోగింది 2021లో, పద్మశ్రీ వచ్చింది 2022లో. తెర ఎక్కినవాళ్ళకు తెర మేలు చేసింది, నిజం. ఒక్కో కులానికి, ఒక్కో వాయిద్యానికి తెర ఒక్కడినే ఎక్కించుకుంటుంది. మిగిలినవాళ్ళు కింద నిలబడి చూస్తారు.

మే 20

ఎండ నలభై నాలుగు. ఏమీ రాయబుద్ధి కాలేదు. పాప రోజంతా కూలర్ ముందు కొరియా. మా ఆయన రోజంతా ఐపీఎల్ ముచ్చట. అమ్మ మధ్యాహ్నం హిందీనుంచి దించిన సీరియల్. ఎవరి తెర వాళ్ళది, ఎవరి చెవి వాళ్ళది. భోజనానికి మూడుసార్లు పిలవాలి.

జూన్ 14

స్కూలు తెరిచి మూడు రోజులైంది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని మీకు ఇష్టమైన కథ బొమ్మ గీయమన్నాను. సగానికి సగం ఛోటా భీమ్. లడ్డూ సహా. ఇద్దరు ముగ్గురు నరూటో, నుదుటి పట్టీతో. ఒక అమ్మాయి మాత్రం గొర్రెను గీసింది. ఏ కథ అంటే, "మా తాత చెప్పిండు టీచర్, గొర్రె బావిల పడ్డ కథ." అది కథా, ఇంట్లో జరిగిన సంగతా అని నేనడగలేదు.

భీమ్‌ను తయారుచేసింది హైదరాబాద్ కంపెనీయే, గ్రీన్ గోల్డ్. 2008 నుంచి టీవీలో వస్తున్నాడు. మన ఊర్లోనే గీశారు, మన పిల్లలే ఏళ్ళ తరబడి చూశారు. వాడి ఊరు మాత్రం ధోలక్‌పూర్. దేశం మొత్తానికి నచ్చాలంటే ఏ ఊరూ కాని ఊరు కావాలి మరి. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే. కానీ హైదరాబాద్‌లో తయారైనంత మాత్రాన హైదరాబాదీ అయిపోదు. 2013లో 'లైఫ్ ఆఫ్ పై'కి గ్రాఫిక్స్ ఆస్కార్ వచ్చింది. పులిని గీసిన కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. మన పిల్లల చేతుల పని అందులో ఉంది. మన పిల్లల కథ లేదు.

మన చేతులకు కొరత లేదు. ఆ చేతులకు మన కథ పని అప్పజెప్పే డబ్బుకే కొరత.

జూలై 28

మూడు రోజులుగా వాన. హన్మకొండ కాలనీలు నీళ్ళలో. నిన్న తెల్లారేసరికి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ళ కప్పులమీద, చెట్లమీద. మాది ఎత్తు మీద ఇల్లు, బతికాం. కరెంటు లేదు. నెట్ లేదు. ఫోన్లలో చార్జింగ్ అడుగంటింది.

రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని నలుగురం ముందర గదిలో. పాప సగంలో ఆగిపోయిన సీరియల్ గురించి గుణుస్తుంటే, అమ్మ విసుక్కుని "అంత మంచిగుంటే నాకన్న చెప్పరాదే" అంది. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'. దక్షిణ కొరియా డబ్బున్నోళ్ళ బిడ్డ గొడుగులాంటిది కట్టుకుని గాలిలో ఎగురుతుంటే, సుడిగాలి లేచి ఉత్తర కొరియాలో పడేస్తుంది. అక్కడి సిపాయి ఆమెను పట్టివ్వకుండా ఇంట్లో దాపెడతాడు.

"ఊఁ."

"రెండు దేశాలు ఒకప్పుడు ఒకటే అమ్మమ్మా. మాట గూడ ఒకటే, యాస వేరు."

"ఊఁ, మనదీ ఆంధ్రోళ్ళదీ లెక్క. అటెన్క?"

ఇక ఆగలేదు. కెప్టెన్ రీ, ఊరి ఆడవాళ్ళు, తలుపు కొట్టే పోలీసులు. పోలీసులు కొట్టేటప్పుడు పాప గోడమీద గుద్దింది. కొవ్వొత్తి వణికింది. సిపాయి ఆమెను వంటింటి కింద నేలలో దాచాడని చెప్తుంటే, అమ్మ చెయ్యెత్తి ఆపింది. "మా నాయిన చెప్పిండు. రజాకార్ల జమానాల మా ఊళ్ళె గిట్లనే ఒకామెను గడ్డివాము లోపట దాపెట్టిండ్రట. రెండు దినాలు బుక్కెడు నీళ్ళు లేవు." ఆ కథ నేను ఇన్నేళ్ళలో వినలేదు. మా అమ్మ నోట, మా తాత మాట, కొరియా సిపాయి పుణ్యాన.

చలికాలం రాకముందు ఊరి ఆడవాళ్ళంతా కలిసి క్యాబేజీ ఊరబెట్టే ముచ్చట వచ్చింది. "తొక్కు పెట్టుడన్నట్టు" అని అమ్మ తీర్పు ఇచ్చేసింది. ఇవతలి కథ అవతలి కథను అందుకుంటూ అర్ధరాత్రి దాకా సాగింది. మా ఆయన కూడా ఊఁ కొట్టాడు.

ఒక మాట రాసిపెట్టుకోవాలి. పాప ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూసిన కథను, ఎవరూ నేర్పకుండా, చెప్పవలసినచోట గొంతు తగ్గించి, ఆపవలసినచోట ఆపి, మా ఇంటి తెలుగులో చెప్పింది. వినేవాళ్ళు దొరికారు కాబట్టి చెప్పింది. పిల్లలు కథలు మరిచిపోయారని స్టాఫ్ రూంలో రోజూ అనుకుంటాం. పిల్ల నోరు ఎక్కడికీ పోలేదు. ఊఁ కొట్టేవాళ్ళమే కరెంటు ఉన్న రోజుల్లో దొరకం.

ఆగస్టు 7, సోమవారం

నిన్న గద్దర్ పోయాడు. ఇవాళ ఊరేగింపు టీవీలో చూస్తూ కూర్చున్నాను. గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జె. తెలంగాణ మట్టి మనిషి అంటే అందరి కళ్ళ ముందూ నిలిచే రూపం.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావుకు ఆ పేరు గదర్ పార్టీ నుంచి వచ్చింది. అమెరికాకు పనికి పోయిన పంజాబీలు, ఇతర భారతీయులు 1913లో అక్కడ పెట్టుకున్న పార్టీ అది. ఆయన గొంతును మొదట తెరమీద వినిపించిన 'మా భూమి' సంగతి చూడండి. కథ కిషన్ చందర్ ఉర్దూలో రాసింది. డైరెక్టర్ గౌతమ్ ఘోష్, బెంగాలీ. అంతకన్నా తెలంగాణ సినిమా ఏదన్నా ఉందా అని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

అందుకే బయటినుంచి వచ్చిందంటే చాలు చెవులు మూసుకొమ్మనే వాళ్ళతో నాకు పడదు. ఒగ్గు కథ తెలిసినవాడు, బుర్రకథ ఒంటబట్టినవాడు ఎక్కడి పేరైనా పెట్టుకోవచ్చు. కాళ్ళకింద తన ఆట ఉంది కదా.

ఆగస్టు 25

జాతీయ అవార్డులు. 'పుష్ప'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. తెలుగు హీరోకు ఇదే మొదటిది. చిత్తూరు యాస పుష్పరాజ్‌ది. మా క్లాసులో పిల్లలు గడ్డం కింద చెయ్యి తిప్పడం ఏడాదిన్నరగా చూస్తున్నా. ఆస్ట్రేలియా క్రికెటర్ వార్నర్ కూడా తిప్పాడు. యాసను మాత్రం ఎవరూ తిప్పలేరు. ఆ సైగ భాష లేకుండానే దేశాలు దాటింది. దాటాలంటే మాటను గట్టున వదిలెయ్యాలా?

అక్టోబర్ 12, గురువారం

రేపటినుంచి దసరా సెలవులు. స్కూల్లో బతుకమ్మ ఆడించాం. నాలుగు రోజుల ముందు నుంచే పిల్లలకు గునుగు తెమ్మని చెప్పాను. పొలాల గట్ల మీద మొలిచే గడ్డిపువ్వు, తెల్లగా, కొసన లేత గులాబీ. కాడలు సమానంగా కోసి, పిడికెడు పిడికెడు దారంతో కట్టి, కొసలు రంగునీళ్ళలో ముంచి ఎండలో ఆరబెట్టాలి. తాంబాళంలో ముందు గుమ్మడి ఆకులు, వాటిమీద తంగేడు, తర్వాత గునుగు వరసలు, మధ్యలో బంతి, కట్ల. నడుమ ఖాళీలో ఆకుల పొట్టు కూరకపోతే పైవరసలు కూలతాయి. ఈ సంగతి ఎనిమిదో తరగతి అమ్మాయి నాకు చెప్పింది, నేను దానికి కాదు. మగపిల్లలు పూలు కట్టం అన్నారు గానీ, రంగులో ముంచే పని వచ్చేసరికి అందరూ వాళ్ళే.

ఆట మొదలయ్యేసరికి బాక్సులో యూట్యూబ్ బతుకమ్మ పాట. ప్రతి ఏడూ కొత్తది వస్తుంది. బాగానే ఉంటుంది, దరువు గట్టిగా ఉంటుంది. పిల్లలకు పాడే పని లేదు. పాడే పని లేకపోతే చప్పట్లు కూడా వాటంతటవే జారిపోయాయి. పాటలో ఒకరు అంటే అందరూ అనాలి, ఆ అనడానికి ఊపిరి తీసుకునే జాగాలో అడుగు పడాలి. బాక్సు ఊపిరి తీసుకోదు. వలయం తొందరగా తిరిగింది, తిరిగి తిరిగి విరిగింది, చివరికి అందరూ దాండియా అడుగుల్లోకి పోయారు. గుజరాత్ కూడా టీవీలోంచే వచ్చింది మా స్కూలుకు.

అక్టోబర్ 14, శనివారం. ఎంగిలిపూలు

సాయంత్రం వేయిస్తంభాల గుడికి పోయాం, అమ్మ, పాప, నేను. దారి పొడవునా బతుకమ్మలు. అహ్మదాబాద్‌లో ఇండియా పాకిస్తాన్ మ్యాచ్. టీవీల దుకాణం ముందు మగవాళ్ళ గుంపు రోడ్డుకు అడ్డం నిలబడింది. తలమీద తాంబాళం పెట్టుకున్న ఆడవాళ్ళు వాళ్ళను తప్పించుకుంటూ పోతున్నారు. పాకిస్తాన్ 191కే చాప చుట్టేసిందట. గుళ్ళోకి పోయాక కూడా బయటినుంచి పటాకుల మోత. రోహిత్ సిక్సర్ కొట్టినప్పుడల్లా ఒకటి. మా వలయంలో ఒక పిల్లతల్లి ఆడుతూనే స్కోరు అడిగింది, ఎవరో చెప్పారు, పాట ఆగలేదు.

ఆ సందడిలోనే డాలస్ చెల్లె వీడియో కాల్. దానికి పొద్దున. సాయంత్రం వాళ్ళూ ఆడుతున్నారు. తంగేడు దొరకదు, దుకాణంలో కొన్న చామంతులు. "పాట మాత్రం అమ్మ పాడేది కావాలె, పంపు" అంది. అమ్మ పాడే పాట యూట్యూబ్‌లో లేదు. వెతికింది కూడా. పుట్టింటికి బయల్దేరిన ఆడబిడ్డకు దారిలో ఎదురయ్యే ఊర్ల పేర్లు వరసగా వస్తాయి అందులో, పరకాల నుంచి మా ఊరి చెరువు కట్ట దాకా. చెల్లెకు సగమే గుర్తుంది. నాకు ముప్పావు. పాపకు పల్లవి ఒక్కటే.

అక్టోబర్ 19

పన్నెండో తారీఖు ఆట వీడియోను పదో తరగతి పిల్లగాడు యూట్యూబ్‌లో పెట్టాడు. ఇవాళ ఫోన్ చేశాడు. "మేడం, క్లెయిమ్ పడింది." వెనక మోగిన పాట ఒక ఆడియో కంపెనీదట. వాడే విడమర్చి చెప్పాడు. కంపెనీ ముందుగానే తన పాటను అక్కడ నమోదు చేసి పెట్టుకుంటుంది. ఎవరు వీడియో ఎక్కించినా యంత్రం ఆ నమూనాతో పోల్చి చూస్తుంది. కలిస్తే, ఆ వీడియో మీద యాడ్ డబ్బు కంపెనీకే పోతుంది, లేదా కంపెనీ ఆపెయ్యమంటే ఆగిపోతుంది.

పూలు మావి, పిల్లలు మావాళ్ళు, ఆడింది మా వేపచెట్టు కింద. బాణీ అయితే మా అమ్మమ్మల కాలానిది. రికార్డు చేసినవాళ్ళు కష్టపడ్డారు, గాయనికి డబ్బిచ్చారు, వాళ్ళ రికార్డింగ్ మీద వాళ్ళకు హక్కుంది, అది నేను ఒప్పుకుంటాను. కానీ మేమే పాడుకుని ఉంటే ఆ రికార్డింగ్ పేరు మీద ఏ యంత్రమూ మా జోలికి వచ్చేది కాదు.

"బాక్సు లేకుంటే గొడవే లేకుండె మేడం" అన్నాడు పిల్లగాడు.

అక్టోబర్ 26

సెలవులయ్యాయి. ఎన్నికల డ్యూటీ కాగితాలు వచ్చాయి. వీధిలో ప్రచారం ఆటోలు, అన్ని పార్టీలవీ జానపద బాణీలే. ఓటు అడగాల్సి వచ్చినప్పుడు ఊరి పాట ఎవరికైనా గుర్తొస్తుంది.

నవంబర్ 5, ఆదివారం

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పని ఇచ్చాను. ఇంట్లో, వాడలో పాట తెలిసిన పెద్దామెను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేసుకురావాలి. ముందు ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటనే చెప్పించాలి. ఎడిటింగ్ వద్దు, వెనక మ్యూజిక్ వద్దు.

మొదట మా ఇంట్లోనే. పాప ఫోను గ్లాసుకు ఆనించి పెట్టింది. అమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టగానే కుక్కర్ కూత. మళ్ళీ మొదలు. ఈసారి రెండో ఊరి పేరు దగ్గర ఆగి, "ఆ ఊరు ఇప్పుడు లేదు బిడ్డా, చెరువుల పోయింది" అని చెప్పి మళ్ళీ అందుకుంది. పాప ఆ మాటను కోసెయ్యలేదు. పాట అయ్యాక అమ్మ అడిగింది, "ఇది కొరియా పిల్లగానికి పంపుతవా?" "ముందు పిన్నికి పంపుతా" అంది పాప. పంపింది. ఇంకో గంటకు, సగం తెలిసిన పాటను పూర్తిగా నేర్చుకుంటున్నానని డాలస్ నుంచి జవాబు.

స్కూలుకు వచ్చిన రికార్డింగుల్లో బతుకమ్మ పాటలున్నాయి, నాట్ల పాటలున్నాయి, పీర్ల పండుగ పాట ఒకటుంది. గొర్రెను గీసిన అమ్మాయి తాను పై తరగతి కాకపోయినా తన తాత కథ తెచ్చింది, పదమూడు నిమిషాలు. కొన్నింటిలో టీవీ మోత పాటను మించింది. వాటిని మళ్ళీ చేసుకురమ్మన్నాను.

పిల్లల్ని కొరియా సీరియల్ చూడొద్దనడం నా వల్ల కాదు, నాకు ఆ ఉద్దేశం కూడా లేదు. చూడనివ్వండి. చూసిందాన్ని మీకు చెప్పమనండి, టీవీ ఆపి ఊఁ కొట్టండి. మీ ఇంట్లో పాట తెలిసిన పెద్దామె ఉంటే ఈ ఆదివారమే ఫోను ముందర పెట్టండి. పేరు, ఊరు చెప్పించడం మరవకండి. కుక్కర్ ముందే దింపండి.